ఆటల్లో ఉన్న పిల్లలు, లైంగిక హింస: తల్లిదండ్రులు, పీఈటీలు, కోచ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా సెలెక్షన్స్ దగ్గర పడుతున్నాయంటే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. కొన్ని అమ్మలవి, కొన్ని పీఈటీలవి, కొన్ని పిల్లలు ఎవరికీ చెప్పకుండా అడిగినవి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్న పెట్టి కింద జవాబు రాశాం. ఎవరికి ఏది కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది. ఇందులో 'పిల్లలు' అంటే 18 ఏళ్లు నిండనివాళ్లు. చట్టం లెక్కా అదే.

## అకాడమీలో చేర్చకముందు

ఆటల్లో ఉన్న పిల్లలు దారి తప్పరంటారు కదా. ఇలాంటివి వాళ్లకు జరగవనేనా?

జరుగుతాయి. ఆటతో ఒంటికీ ధైర్యానికీ మేలు జరిగే మాట నిజమే గానీ, గ్రౌండ్‌కి వెళ్లినంత మాత్రాన రక్షణ దొరకదు. అపాయం ఎక్కువగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, జట్టులో చోటు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికి ఎవరూ ఎదురు చెప్పలేకపోవడం. రెండు, పెద్దవాళ్ల కంటపడని గదులు, వేళలు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్ వైద్యం పేరుతో ఏళ్ల తరబడి అమ్మాయిలను లైంగికంగా హింసించాడు. కొన్నిసార్లు తల్లి అదే గదిలో కూర్చుని ఉండగానే చేశాడు. ఫిర్యాదులు ముందు నుంచీ ఉన్నాయి, పట్టించుకున్నవాళ్లే లేరు. 2016లో ఒక పత్రిక బయటపెట్టాక గానీ కేసు కదల్లేదు, 2018లో శిక్ష పడింది.

మా అమ్మాయిని మాన్పించేస్తే ఏ గొడవా ఉండదు కదా?

గొడవ ఉండదు, ఆమెకు ఆటా ఉండదు. అసలు పిల్లలు నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం ఈ భయమే: చెబితే ఆట మాన్పిస్తారని. కాబట్టి చేర్చే రోజే ఆమెతో ఒక మాట అనండి: "ఏం జరిగినా నాకు చెప్పు, నీ ఆట మాత్రం ఆపను." అన్నాక ఆ మాట మీద నిలబడండి. అవసరమైతే అకాడమీ మారుద్దురు గాని.

మాది మగపిల్లాడు. వాడికేం భయం?

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో (ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది) చేయించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. అలా చెప్పినవాళ్లలో దాదాపు 53 శాతం అబ్బాయిలే. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం అబ్బాయికీ అమ్మాయికీ ఒకేలా వర్తిస్తుంది. అబ్బాయిలు చెప్పుకోవడం మరీ కష్టం. "నువ్వు మగాడివేనా" అంటారేమోనన్న బెదురు ఒకటి, బాడీ బిల్డప్ ఉన్నవాడు ఎందుకు తిరగబడలేదని అడుగుతారేమోనన్నది ఇంకొకటి.

అకాడమీని ఏమేం అడగాలి? అడిగితే తప్పుగా అనుకుంటారేమో?

అనుకుంటే అనుకోనివ్వండి. పోక్సో రూల్స్ 2020, మూడో రూల్‌లో స్పోర్ట్స్ అకాడమీల పేరు విడిగా చెప్పి మరీ, సిబ్బంది అందరికీ ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని ఉంది. రెగ్యులరైనా కాంట్రాక్టైనా మినహాయింపు లేదు. కోచ్‌దే కాదు, అసిస్టెంట్ కోచ్, ఫిజియో, వార్డెన్, వంటమనిషి, వ్యాన్ డ్రైవర్ కాగితాలూ అడగండి.

తర్వాత ఒకసారి ఆవరణంతా తిరిగి చూడండి. బాత్రూములకు లోపలి నుంచి గడియ పడుతుందా, ఫిజియో గదికి బయటి నుంచి కనిపించే కిటికీ ఉందా, సీసీ కెమెరాలు వరండాల్లో, గేటు దగ్గర ఉన్నాయా (బట్టలు మార్చుకునే గదిలో ఉంటే అదే పెద్ద తప్పు). చివర్లో ఒక ప్రశ్న వేయండి: "హెడ్ కోచ్ మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి?" పేరూ ఫోన్ నంబరూ చెబితే మంచిదే. "మా దగ్గర అలాంటివి జరగవండి" అన్నారంటే అక్కడ ఏ ఏర్పాటూ లేదన్నమాటే.

## ప్రాక్టీస్ జరిగే రోజుల్లో

కోచ్ సరిచేయాలంటే ముట్టుకోక తప్పదు కదా. ఏది మామూలు, ఏది కాదు?

కుస్తీ, జిమ్నాస్టిక్స్, స్విమ్మింగ్, కబడ్డీ ముట్టుకోకుండా నేర్పలేరు. చూడాల్సింది, ముట్టుకునే ముందు ఎక్కడ, ఎందుకు పట్టుకుంటున్నాడో చెప్పాడా అని. నలుగురి ముందే చేశాడా అని. పని అయిపోగానే చెయ్యి తీశాడా, "వద్దు సార్" అంటే ఆగాడా అని. బౌలింగ్ యాక్షన్ దిద్దడానికి మణికట్టు, మోచెయ్యి, భుజం చాలు. ఈత మొదట్లో తల కిందా వీపు కిందా చెయ్యి ఆనిస్తే పిల్ల తేలుతుంది. బరువుతో స్క్వాట్ చేసేటప్పుడు బార్ రెండు చివర్లా ఇద్దరు నిలబడి బార్‌నే పట్టుకోవచ్చు, ఛాతీని పట్టుకోనక్కర్లేదు.

గజ్జల్లో కండరం పట్టేసినప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆ మసాజ్ కోచ్ పని కాదు. ఫిజియో చేయాలి, బట్టల మీద నుంచి లేదా దుప్పటి కప్పి, ఇంకో పెద్ద మనిషి ఎదుట చేయాలి. బట్టల మీద నుంచి తాకితే నేరం కాదన్న వాదన చెల్లదు. లైంగిక ఉద్దేశం ఉంటే చర్మానికి చర్మం తగలక్కర్లేదని 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

సార్ రాత్రి పదిన్నరకి మెసేజ్ పెడుతున్నారు. డైట్ గురించే. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ఇలాంటివి ఎలా నడుస్తాయో చూడండి. మొదటి వారం: "ఈరోజు గుడ్లు తిన్నావా?" రెండో వారం: "పడుకున్నావా? నీ స్టార్ట్ బాగా మెరుగైంది, మిగతావాళ్లకి చెప్పకు, ఫీలవుతారు." మూడో వారం కొత్త స్పైక్స్ బూట్లు: "ఇంట్లో చెప్పకు, నేషనల్స్ అయ్యాక సర్‌ప్రైజ్ ఇద్దాం." ఆ తర్వాత "కండ ఎంత వచ్చిందో ఫోటో పెట్టు."

ఇందులో ఏ ఒక్క మెసేజూ విడిగా చూస్తే తప్పుగా అనిపించదు. గుర్తుపట్టాల్సింది 'ఇంట్లో చెప్పకు' అన్న మాటని. చిన్న రహస్యం దాచడం అలవాటు చేసి పెద్దదానికి దారి వేస్తారు. చేయాల్సిన పని తేలికే. మైనర్లకు విడిగా మెసేజ్‌లు వద్దు, తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూప్‌లోనే పెట్టమని చెప్పండి. మంచి కోచ్ అయితే హాయిగా ఒప్పుకుంటాడు, ఆయనకూ అదే రక్షణ. ఫోటో అడిగేదాకా వచ్చి ఉంటే చాట్ చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి దాచండి.

హాస్టల్లో సీనియర్లు బట్టలు విప్పించారట. ర్యాగింగేగా, అందరికీ జరిగేదేగా?

తోటి పిల్లల చేతుల్లో జరిగే హింస ఎక్కువగా 'ఆట పట్టించడం' పేరుతోనే దాక్కుంటుంది. బట్టలు విప్పించడం, మర్మాంగాలు పట్టుకోవడం, అశ్లీల వీడియోలు బలవంతంగా చూపించడం, ఇవన్నీ లైంగిక ఉద్దేశంతో చేస్తే పోక్సో నేరాలు. శరీరంలోకి ఏ వస్తువు చొప్పించినా చట్టం దాన్ని తీవ్ర నేరంగానే చూస్తుంది, గుంపుగా చేస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. విద్యాసంస్థల్లో ర్యాగింగ్‌పై 1997 నాటి ఆంధ్రప్రదేశ్ నిషేధ చట్టమూ ఉంది.

ఇవి ఎక్కువగా కొత్త బ్యాచ్ వచ్చిన తొలి రోజుల్లో, లైట్లు ఆర్పాక, సీనియర్లకే 'క్రమశిక్షణ' అప్పజెప్పిన హాస్టళ్లలో జరుగుతాయి. జూనియర్ల చేత కిట్లు మోయించడం, బట్టలు ఉతికించడం మామూలైపోయిన చోట తర్వాతి అడుగు సులువు. వార్డెన్ రోజూ ఒకే టైమ్‌కి రౌండ్‌కి వస్తే ఫలితం లేదు, ఆ టైమ్ అందరికీ తెలిసిపోతుంది. వేళ మార్చి మార్చి రావాలి. జూనియర్‌ని శిక్షించే అధికారం ఏ సీనియర్‌కీ ఉండకూడదు.

వయసు సర్టిఫికెట్‌కీ దీనికీ ఏం సంబంధం?

చాలామంది ఆలోచించని సంబంధం ఇది. తక్కువ వయసు చూపించి అండర్-14లో ఆడే కుర్రాడికి నిజానికి 17 ఏళ్లు ఉంటే, రాత్రి అతను పడుకునేది 12 ఏళ్ల పిల్లల పక్కన. స్కోర్‌బోర్డు మీద జరిగే మోసం గురించి అందరూ గొడవ చేస్తారు, గదిలో వచ్చే తేడా ఎవరికీ పట్టదు. గదులు పంచేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఒడ్డూ పొడుగూ కూడా చూడండి. అనుమానం వస్తే గది మార్చండి.

## క్యాంపులు, టోర్నమెంట్లు

వేరే ఊరికి పంపుతున్నాం. ఏం చూసుకోవాలి?

స్కూల్ గేమ్స్‌కి చాలాచోట్ల బస అంటే ప్రభుత్వ పాఠశాల తరగతి గదులు. బెంచీలు పక్కకు జరిపి, చాపలు పరిచి, వరుసగా పడుకోబెడతారు. మరుగుదొడ్లు ఆవరణ చివర్లో ఉంటాయి, అక్కడ బల్బు ఉండదు. కాబట్టి బయల్దేరే ముందే రాతపూర్వకంగా తీసుకోండి: బస చేసే చోటి చిరునామా, రైలు లేదా బస్సు వివరాలు, వెంట వెళ్లే పెద్దల పేర్లు, నంబర్లు. అమ్మాయిల జట్టుకు మహిళా కోచ్ గానీ మేనేజర్ గానీ ఉండాల్సిందే. జాతీయ స్థాయిలో మహిళా క్రీడాకారులతో మహిళా కోచ్ వెళ్లాలని 2022లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) క్రీడా ఫెడరేషన్లకు చెప్పింది. మండల జట్టుకైనా అదే అడగండి.

పెద్దవాళ్లెవరూ పిల్లలతో ఒకే గదిలో పడుకోకూడదు. మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి ఉంచాలి. రాత్రి బాత్రూమ్‌కి ముగ్గురు కలిసి టార్చ్‌తో వెళ్లమనండి. కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్ లాంటి వాటిలో బరువు చూసేటప్పుడు వంద గ్రాములు తగ్గించడానికి పిల్లలు ఒంటి మీద బట్టలు తీసేస్తారు. ఆ గదిలో అదే జెండర్ అధికారులే ఉండాలి, ఫోన్లన్నీ బయట పెట్టించాలి.

పిల్లల సంచిలో రూ.500, ఇంటి నంబర్ రాసిన కాగితం ఉంచండి (ఫోన్ లాక్కుంటే కాగితమే దిక్కు). ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకోండి. "పచ్చడి అయిపోయింది" అని ఫోన్ వస్తే ఏ ప్రశ్నా వేయకుండా బయల్దేరాలి.

## ఫోన్, ఫోటోలు, ప్రేమలు

డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరో వీడియో తీసి టీమ్ గ్రూప్‌లో పెట్టారు. ఏం చేయాలి?

ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, 'సాక్ష్యం కోసం' కోచ్‌కి కూడా పంపొద్దు. మైనర్ అశ్లీల వీడియోను పంపడం ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద నేరం. అలాంటివి దాచుకోవడమూ, చూడటమూ నేరాలేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో చెప్పింది. గ్రూప్ పేరు, పెట్టిన నంబరు, తేదీ, టైమ్ కాగితం మీద రాసుకోండి. ఫోన్ ఫార్మాట్ చేయొద్దు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు చేయొచ్చు, పేరు చెప్పకుండా కూడా. ఇంకా పాకకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. వీడియో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే తయారై సోషల్ మీడియా సంస్థలకు చేరుతుంది. డబ్బివ్వకపోతే బయటపెడతామని బెదిరిస్తే రూపాయి కూడా ఇవ్వకండి. ఒకసారి ఇచ్చినవాళ్లను మళ్లీ అడుగుతారు.

ఇద్దరూ ఇష్టపడ్డారు. ఆమెకు 16, అబ్బాయికి 17. ఇదీ నేరమేనా?

చట్టం ప్రకారం నేరమే. 18 నిండకముందు ఇచ్చిన అంగీకారాన్ని పోక్సో లెక్కలోకి తీసుకోదు. ఇంట్లో ఒప్పుకోక పెట్టే కేసులూ ఇందులో ఉంటాయని కోర్టులే అన్నాయి, చర్చ నడుస్తోంది, చట్టం మాత్రం మారలేదు. పిల్లలకు ఈ సంగతి భయపెట్టకుండా, ఉన్నదున్నట్టు ముందే చెప్పాలి. అబ్బాయిలకు ఇంకో ముక్క కూడా చెప్పండి: మౌనం 'సరే' కాదు, ఒకసారి ఒప్పుకుంటే ప్రతిసారీ ఒప్పుకున్నట్టు కాదు.

## తెలిసిన రోజు

పిల్ల ఇప్పుడే చెప్పింది. మొదట నేనేం అనాలి?

"చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నేనున్నాను." ఇంతే. "ఎందుకెళ్లావు", "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనొద్దు, ఆ ఒక్క ప్రశ్నతో నోరు మూసుకుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఇప్పుడు దెబ్బలేమైనా ఉన్నాయా, ఇవి చాలు. మళ్లీ మళ్లీ చెప్పించకండి. ఆమె వాడిన మాటల్నే, దిద్దకుండా, తేదీతో రాసిపెట్టండి. కోపంలో కోచ్‌కి ఫోన్ కలపడం చాలామంది చేసే పొరపాటు. ఫోన్ పెట్టేసేలోపు అవతల చాట్లన్నీ చెరిగిపోతాయి.

స్నానం చేసేసింది, బట్టలు ఉతికేశాం. ఇక ఆస్పత్రికి వెళ్లి లాభం లేదా?

వెళ్లండి. స్నానం చేయకుండా వెళ్తే సాక్ష్యం ఎక్కువ దొరుకుతుంది, అంతే. స్వాబ్‌లు (దూదిపుల్లతో ఒంటి నుంచి తీసే నమూనాలు) సాధారణంగా 96 గంటల దాకా తీస్తారు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లో వేస్తే బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా కూడా ఇవ్వొచ్చు. రెండూ ఎంత ముందైతే అంత మేలు. హెచ్‌ఐవీ మందులు 28 రోజులు వాడాలి. ఉతకని బట్టలుంటే ఒక్కోటీ విడిగా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో చెమ్మ పట్టి సాక్ష్యం పాడవుతుంది.

ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటైనా వైద్యం ఉచితంగా చేయాలి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు. అమ్మాయిని మహిళా డాక్టరే పరీక్షించాలి, మీరు పక్కన ఉండొచ్చు. యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష'ను సుప్రీంకోర్టు తప్పుపట్టింది, చేయబోతే వద్దని చెప్పండి.

ముందు అకాడమీకి చెబుదామా, పోలీసులకా?

పోలీసులకు. నేరం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ చెబుతోంది. అకాడమీ 'అంతర్గత విచారణ' దానికి బదులు కాదు. జరిగింది వేరే ఊళ్లో అయినా మీ దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి. స్టేషన్ గడప ఎక్కడం కష్టమనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, రోజంతా పనిచేస్తుంది. తెలంగాణలో భరోసా కేంద్రాల్లో వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, ఇలాంటి సాయమే చేసే జిల్లా వన్ స్టాప్ సెంటర్ వివరాలు చెబుతారు.

## ఫిర్యాదు తర్వాత

పిల్లను స్టేషన్‌లో కూర్చోబెడతారా? పేరు పేపర్లో వస్తుందా?

వాంగ్మూలం ఇంట్లో గానీ, పిల్ల కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో తలుపులు మూసి విచారణ జరుగుతుంది, నిందితుడు ఎదురుపడకుండా చూడాలి. పేరు, ఇల్లు, స్కూలు, ఫోటో ప్రచురిస్తే శిక్ష ఉంది. 'ఫలానా ఊరి, ఫలానా బరువు విభాగం జిల్లా ఛాంపియన్' అని రాసినా పేరు చెప్పినట్టే. బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ జాగ్రత్త.

పెద్దమనుషులు వచ్చి రాజీ పడమంటున్నారు. పడొచ్చా?

ఇది రాజీతో కొట్టేసే కేసు కాదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీది కేసును తండ్రితో కుదిరిన రాజీ ఆధారంగా హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ తెరిపించింది. ఒత్తిడి తెస్తున్నవాళ్ల పేర్లు, తేదీలు రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. డబ్బు అవసరమైతే కోర్టు ద్వారా మధ్యంతర పరిహారం అడగొచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరును ఉచితంగా పెడుతుంది.

కేసు పెడితే సెలెక్షన్ పోతుందేమో?

ఈ భయంలో నిజం ఉంది. అందుకే కేసుతో పాటే ఆట కాగితాలూ భద్రం చేయండి: టైమింగ్ షీట్లు, మెరిట్ సర్టిఫికెట్ల ఒరిజినల్స్, హాజరు, పాత సెలెక్షన్ జాబితాలు. సెలెక్షన్ ప్రమాణాలేమిటో రాతపూర్వకంగా అడగండి. 'అమ్మాయిని కొన్నాళ్లు ఇంట్లో ఉంచండి' అంటే ఒప్పుకోకండి, పక్కకు తప్పించాల్సింది నిందితుణ్ణి.

ఆరోపణ మా అబ్బాయి మీదే వచ్చింది. వాడికి 16. ఏం చేయాలి?

అవతలి ఇంటికి వెళ్లి బతిమాలడం, బెదిరించడం రెండూ వద్దు. ఫోన్‌లో ఏదీ చెరపనివ్వకండి. మైనర్‌ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. నేరం తీవ్రమైనదై, అబ్బాయికి 16 నిండి ఉంటే, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. అతని పేరు కూడా ఎవరూ బయటపెట్టకూడదు. ఇంట్లో "వాడు అలాంటివాడు కాదు" అని కొట్టిపారేయకుండా కూర్చోబెట్టి వినండి. ఇలాంటివి చేసే పిల్లల్లో కొందరికి అంతకుముందు తామే బాధితులైన చరిత్ర ఉంటుంది. కౌన్సెలర్‌ని వెంటనే కలవాలి.

## పీఈటీలు, కోచ్‌లు అడిగేవి

ఒక పిల్ల నాతో చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడేం చేయను?

ఒట్టు వేయకుండా ఉండాల్సింది, వేసినా చెప్పక తప్పదు. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా. పిల్లకే ముందు చెప్పండి: "ఇది నా ఒక్కడి దగ్గర ఉంచుకోలేను. ఎవరికి చెప్పినా నీకు చెప్పాకే చెబుతాను." తర్వాత 112 లేదా 1098. హెడ్‌మాస్టర్‌కి చెప్పి చేతులు దులుపుకుంటే చట్టం ముందు మీ బాధ్యత తీరదు. ఆ రోజు ప్రాక్టీస్ మామూలుగా జరపండి, ఆమెను ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టొద్దు.

అబ్బాయిలతో ఈ విషయాలు ఎలా మొదలుపెట్టాలి? నాకు మాట్లాడటం రాదు.

లెక్చర్ అక్కర్లేదు. అమెరికాలో 'కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్' అనే కార్యక్రమంలో కోచ్‌లకు గంటసేపు శిక్షణ ఇచ్చి, సీజన్‌లో వారానికి ఒకసారి 10 నుంచి 15 నిమిషాలు మాట్లాడించారు, మొత్తం 11 సార్లు. శాక్రమెంటో హైస్కూళ్లలో పరీక్షించి చూస్తే, మూడు నెలలకే అబ్బాయిలు తోటివాళ్ల వెకిలి పనుల్ని ఆపడం పెరిగింది. ఏడాది తర్వాత చూస్తే తాము ప్రేమించే అమ్మాయిల్ని హింసించడం కూడా, ఈ కార్యక్రమం లేని స్కూళ్లతో పోలిస్తే, తగ్గింది. అదే పద్ధతిని ముంబైలో క్రికెట్ కోచ్‌లతో 'పరివర్తన్' పేరుతో నడిపారు.

మీరు చేయాల్సిందీ అంతే. సోమవారం వార్మప్ అయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్క సంఘటన ఇవ్వండి: "మన టీమ్ గ్రూప్‌లో ఖోఖో అమ్మాయి ఫోటో వచ్చింది, కింద పచ్చి కామెంట్లు. నువ్వేం చేస్తావ్?" మొదట నవ్వుతారు. నవ్వనివ్వండి, రెండు నిమిషాలు ఆగండి, ఎవడో ఒకడు సీరియస్‌గా మాట్లాడతాడు. వాడి మాటను అందుకోండి. "ఆడపిల్లలా ఆడుతున్నావేంట్రా" అని మీరే తిట్టే అలవాటు ఉంటే ముందు అది మానేయండి, లేకపోతే ఈ పదిహేను నిమిషాలూ దండగ.